నరహరితీర్థులవారి దేవుడు

దేవుడున్నాడా, లేడా యను వాదము మన పట్టణములలో గ్రంథాలయముల యరుగులమీదను, పల్లెలలో రచ్చబండలమీదను నేటికిని తెగలేదు. ఈ వాదమునకు దిగువారిలో పెక్కుమంది తాము దేనిని గలదనుచున్నారో, దేనిని లేదనుచున్నారో ముందుగా చెప్పుకొనరు. ఒకడు జగత్తును పుట్టించిన కర్తను దలచి కలడనును. వేఱొకడు మ్రొక్కుబడులు పుచ్చుకొని వ్యాజ్యములు గెలిపించు అధికారిని దలచి లేడనును. ఒక్క మాటకు ఇద్దఱును రెండర్థములు చేసికొని ప్రొద్దుపోవువఱకు కలహించుచుందురు. 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తికకేంద్రమును నెలకొల్పిన గోరాగారు దేవుడు లేడన్నప్పుడు ఎదుటివారికి కోపము వచ్చెనే గాని, ఏ దేవుడు లేడని అడిగినవారు తక్కువ. లక్షణము చెప్పి, పిమ్మట ప్రమాణము చూపినగాని యే వస్తువును సిద్ధింపదని మన పూర్వులు నియమము పెట్టుకొనిరి. మనము ఆ మొదటి మెట్టును దాటివేసి రెండవదానిమీద నిలుచుండి పోట్లాడుచున్నాము.

ఉత్తరాంధ్రమున నీ ప్రశ్న గ్రంథములయందే కాక కొండలమీదను నదీతీరములందును గూడ కనబడును. వంశధారాతీరమున శాలిహుండము కొండపై బౌద్ధభిక్షువులు జగత్కర్తయగు నీశ్వరుని ఊసెత్తకయే శతాబ్దములపాటు ధర్మమును నడపిరి. విజయనగరమునకు చేరువనున్న రామతీర్థమున బౌద్ధుల శిథిలములు, జైనుల శిథిలములు, రాముని కోవెల ఒకదానికొకటి కనుచూపుమేరలో నున్నవి. జైనులును సృష్టికర్త నొప్పుకొనరు. ముఖలింగమున గాంగరాజులు శివుని గొలిచిరి. మహేంద్రగిరి గోకర్ణేశ్వరుడు వారి కులదైవము. ఆ వంశమువాడే యైన అనంతవర్మ చోడగంగు పూరీయందు జగన్నాథుని పెద్దగుడికి కారకుడయ్యెను. ఇక శ్రీకూర్మమున గర్భగుడిలోని శిలయే వివాదాస్పదము. జనులు దానిని శివలింగమని పూజించుచుండగా రామానుజులవారు వచ్చి అది కూర్మమూర్తియని కనుగొనిరని ప్రపన్నామృతమను వైష్ణవగ్రంథము చెప్పుచున్నది. ఆ కథను నమ్మినను నమ్మకున్నను ఒక్కటి మాత్రము స్పష్టము. శిల మాఱలేదు, చూచువారు దానికి చెప్పుకొన్న లక్షణము మాఱినది.

ఆ శ్రీకూర్మమునందే, పదుమూడవ శతాబ్దమున, దేవుని లక్షణమేమో తేల్చుకొని దానినిబట్టి బ్రతుక జూచిన మహాపురుషుడొకడు ముప్పది యేండ్లపాటు మసలెను. ఆయనయే నరహరితీర్థులు. కన్నడదేశమున మాధ్వుల యిండ్లలో ఆయన పేరు నిత్యస్మరణీయము. పుట్టినదేశమగు మన సీమలో ఆ పేరెఱిగినవారు కొలదిమంది. ఈ విచిత్రమును చూచియే నేడాయన జీవితమును తడవుచున్నాము.

ఆయన పూర్వాశ్రమమును గూర్చి మఠసంప్రదాయము చెప్పునది కొద్ది. శ్రీకాకుళమున గౌరవముగల బ్రాహ్మణకుటుంబమున జన్మించెననియు, పేరు శ్యామశాస్త్రియనియు, రాజోద్యోగమునకు అలవాటుపడిన వంశమనియు అందురు. దీనికి శాసనప్రమాణము లేదు. శాసనప్రమాణముగలది ఆయన సన్న్యాసజీవితము. శ్రీకూర్మమునను సింహాచలమునను ఆయనకు సంబంధించిన శాసనములు రమారమి 1264 మొదలు 1293 వఱకు గలవు. మధ్యయుగపు మతాచార్యులలో ఇంతటి రాతిసాక్ష్యముగలవారు అరుదు. ఆయన గురువుల కాలమును నిర్ణయించుటకు గూడ చరిత్రకారులు ఈ మన రాళ్లనే ఆశ్రయింపవలసివచ్చినది.

గురువు ఆనందతీర్థులు, అనగా మధ్వాచార్యులు. ఉడిపి చెంత పాజకమున బుట్టి, హిమాలయములలోని బదరికి యాత్రవోయి, మరలివచ్చుచు గోదావరీప్రాంతమున పండితులతో వాదములు సలిపిరి. అక్కడ శోభనభట్టను మహాపండితుడు ఆయనకు శిష్యుడై పద్మనాభతీర్థులయ్యెను. నరహరితీర్థులును ఆ కాలముననే ఆయనను ఆశ్రయించిరని సంప్రదాయము. ఇట్లు పడమటి సముద్రతీరమున పుట్టిన యొక సిద్ధాంతమునకు తొలినాటి స్తంభములుగా నిలిచినవారిలో ఇద్దఱు తెలుగుసీమవారు. పండితులు తాము పుట్టి పెరిగిన మతమును వాదమున నోడి విడిచిపెట్టుట చిన్న విషయము కాదు. నేడు మన నాయకులు పక్షములు మార్చుటవంటిది అసలే కాదు.

ఆ వాదమున గెలిచిన మతమేమి? సామాన్యపాఠకునికి తెలియునట్లు చెప్ప యత్నించెదము. అద్వైతులకు పరబ్రహ్మము నిర్గుణము. ఏ గుణమును జెప్పినను అది హద్దగును గనుక, ఇది కాదు ఇది కాదని యన్నింటిని త్రోసివేయగా మిగిలినదే బ్రహ్మము. ఈ మార్గము మనదేశమున మాత్రమే పుట్టినదని తలపరాదు. 1204లో ఐగుప్తున కాలధర్మమునొందిన యూదపండితుడు మైమోనిడీసు గూడ దేవుడు ఏమి కాడో చెప్పవచ్చును గాని ఏమియో చెప్పజాలమను మార్గమునే పట్టెను. ఇందు గొప్ప వినయము గలదు. కాని ఆనందతీర్థుల యాక్షేపము పదునైనది. ఏ లక్షణమును లేని వస్తువునకును, అసలే లేని వస్తువునకును భేదమెట్లు తెలియును? బౌద్ధుల శూన్యమునకు బ్రహ్మమని పేరు మార్చిపెట్టినట్లు కాదా? గుణములు కాదనుచు పోయి తుదకు దేవునినే కాదనుకొనుట యగును.

కనుక ఆయన ఎదురుదారి పట్టెను. బ్రహ్మమన్న మాటకే గుణములచే నిండినదని యర్థము చెప్పెను. జగత్తునకు సృష్టి, స్థితి, సంహారము, నియమనము, జ్ఞానము, అజ్ఞానము, బంధము, మోక్షము అను నెనిమిదింటికిని ఎవడు కారకుడో వాడు దేవుడు. వానియందు దోషము లేదు. అన్నిటికంటె ముఖ్యమైన మాట యింకొకటి గలదు. ఉన్న తత్త్వములు రెండే తెగలు, స్వతంత్రము, అస్వతంత్రము. దేవుడొక్కడే స్వతంత్రుడు. జీవులు, జడవస్తువులు, బ్రహ్మాది దేవతలు అందఱును అస్వతంత్రులు. అస్వతంత్రులైనంతమాత్రమున వారు మిథ్య గారు. దేవునికిని జీవునికిని భేదము నిజము. జీవునికిని జీవునికిని భేదము నిజము. దేవునికి జడముతోను, జీవునికి జడముతోను, జడమునకు జడముతోను గల భేదములును నిజమే. ఈ ఐదు భేదములే ఆ మతమునకు పునాది.

భూవసతిగల మా పాఠకులకు ఒక పోలిక చెప్పెదము. పూర్వము జమీందారీలలో రైతు భూమిని దున్నుట నిజము, పంట నిజము, శిస్తు నిజము, హక్కు మాత్రము పైవానిది. దున్నువాడును జమీందారును ఒక్కరేయని ఎవడైన వేదాంతము చెప్పియుండినచో ఠాణాలో దానిని విన్నవారు లేరు. ఆనందతీర్థుల లోకము ఇట్టిది. పోలిక పూర్తిగా పొసగదు. జమీందారులు గుణపరిపూర్ణులని యెవ్వరును జెప్పరు, ఆ పద్ధతియే 1948 నాటి చట్టముతో తొలగిపోయినది. అయినను ఆధీనమగుట వేఱు, లేకపోవుట వేఱు అను భేదము దీనివలన తెలియును.

లక్షణమిది. ప్రమాణమో? కుండకు కుమ్మరి యున్నట్లు జగత్తునకు కర్త యుండవలెనని నైయాయికులు అనుమానముచేత సాధించిరి. ఉదయనుని న్యాయకుసుమాంజలి యిందుకే పుట్టినది. ఐరోపాలో తోమాసు అక్వినాసు తన మహాగ్రంథమును 1265లో మొదలిడి, దేవుడున్నాడని తర్కముచేత సాధించుటకు అయిదు దారులు చూపెను. అది శ్రీకూర్మమున నరహరితీర్థుల శాసనములు మొదలగుచున్న కాలమే. కాని నరహరితీర్థుల గురువు ఆ దారి త్రొక్కలేదు. వట్టి యనుమానము ఇటునటు త్రిప్పినట్లెల్ల తిరుగును, దానితో దేవుని సాధించువానికి దానితోనే కాదనువాడు బయలుదేరును, కావున దేవుడు సదాగమముచేతనే తెలియదగినవాడని ఆయన మతము. వేదమును వ్రాసినవాడు లేడు గనుక వ్రాసినవాని దోషములు దానికంటవని వాదము. నేటి చదువరి యీ మెట్టుదగ్గఱ ఆగిపోవును. ఆగుట తప్పని మేమనము. కాని తన సిద్ధాంతమునకు తర్కమెంతవఱకు తోడు రాగలదో, ఎక్కడ విడిచిపోవునో ముందుగానే యొప్పుకొన్న యాచార్యుని నిజాయితీని గమనింపవలెను. తర్కముతో దేవుని రుజువు చేసితిమనువారికంటెను, తర్కముతో లేడని రుజువు చేసితిమనువారికంటెను ఆయన తక్కువ చెప్పెను.

ఇట్టి సిద్ధాంతమును నమ్మిన నరహరితీర్థులను గురువు మఠములో కూర్చుండబెట్టక కళింగమునకు పంపెనందురు. సంప్రదాయకథ మనోహరముగా నుండును. రాజు మరణింపగా పట్టపుటేనుగు తొండముతో మాలనెత్తి యీ సన్న్యాసి మెడలో వేసెనట. ఆయన బాలరాజు పెరుగువఱకు పండ్రెండేండ్లు రాజ్యమును చక్కబెట్టి, ప్రతిఫలముగా గజపతుల భాండారములోని మూలరాముని, సీతాదేవిని అడిగి పుచ్చుకొని, గురువున కర్పించెనట. శాసనములనుబట్టి చూడగా 1264 నుండి 1278 వఱకు మొదటి భానుదేవుడును, ఆ పిమ్మట రెండవ నరసింహదేవుడును పాలించిరి. రాజుల వరుసలో సన్న్యాసి యేలిన పండ్రెండేండ్ల ఖాళీ కనబడదు. ఏనుగును మేము నమ్మలేము. కాని ఆయన కళింగమున పరిపాలనాధికారమును వహించెననుట కట్టుకథ కాదు. ఆ మాట శ్రీకూర్మశాసనములోనే యున్నది.

ఇచ్చట ఒక విశేషమును పాఠకులకు మనవిచేయవలెను. నరహరితీర్థులు పనిచేసిన రాజ్యమున రాజే స్వతంత్రుడు కాడు. నరసింహదేవుని ముత్తాతయగు మూడవ అనంగభీమదేవుడు (1211–1238) రాజ్యమును పూరీ పురుషోత్తమునకు సమర్పించి, తాను ఆయనకు రౌతును, అనగా ప్రతినిధిని మాత్రమేనని ప్రకటించుకొనెను. సింహాసనము దేవునిది, రాజు కావలివాడు. ఉడిపినుండి వచ్చిన వేదాంతమును, కటకమునుండి వచ్చిన రాజశాసనమును శ్రీకూర్మమున ఒక్క మాటమీద కలిసికొనినవి. 1947 తరువాత స్వతంత్రమను పదమును మనము రాజకీయమునకే వాడుకొనుచున్నాము. నాడు అది దేవుని లక్షణము, రాజులు సైతము తమకు చెల్లదని చెప్పుకొన్న బిరుదము.

దీనిని విని మురియుటకు ముందు ఒకింత ఆలోచింపవలెను. దేవుని ప్రతినిధినని చెప్పుకొన్న రాజును ఎదిరించువాడు దేవుని నెదిరించినవాడగును. శిస్తు కట్టనివాడు దైవద్రోహి యగును. అధికారమునకు ఇంతకంటె అనుకూలమైన వేదాంతము దొరకదు. కనుక, నేను అస్వతంత్రుడనని యొకడు చెప్పిన మాటను వాని నోటినుండి కాక వాని చేతలనుండి పరీక్షింపవలెను. రాజుల విషయమున మేము చెప్పజాలము. నరహరితీర్థుల విషయమున ఆయన తరువాతి జీవితము కొంత సాక్ష్యమిచ్చుచున్నది. పదవి విడిచినాడు, దేశము విడిచినాడు, తుదిదినములలో మరల కాషాయమే మిగిలినది.

శాసనమును గూర్చి చెప్పుదుము. శకవర్షము 1203, అనగా 1281వ సంవత్సరము. శ్రీకూర్మాలయమందలి నల్లరాతిస్తంభముపై సంస్కృతశ్లోకములుగా నది చెక్కబడియున్నది. హెచ్. కృష్ణశాస్త్రిగారు దానిని పరిష్కరించి ప్రకటించిరి. అందు ముందుగా పురుషోత్తమతీర్థులు, ఆయన శిష్యులు ఆనందతీర్థులు కీర్తింపబడిరి. పిమ్మట నరహరితీర్థులు కళింగప్రజలను ధర్మమార్గమున పాలించెననియు, శబరులు పైబడగా ఖడ్గము ధరించి కూర్మనాథుని కోవెలను కాపాడెననియు, ఆలయమునెదుట యోగానందనరసింహుని ప్రతిష్ఠించెననియు గలదు.

కాషాయవస్త్రము కట్టినవాని చేతిలో కత్తి. ఇది మమ్ములను చాలకాలము కలవరపెట్టిన చిత్రము. జగత్తు మిథ్యయని నమ్మిన సన్న్యాసికి కోవెల కాలినను మిథ్యయే, కాల్చినవాడును మిథ్యయే. భేదము నిజమని నమ్మినవానికి అట్టి వెసులుబాటు లేదు. శరణుజొచ్చిన ప్రజలు నిజముగా నున్నారు, వారి గాయములు నిజము, కాపాడవలసిన భారమును నిజము. ఆయన కత్తి పట్టుటకు ఆయన సిద్ధాంతమే కారణమైనదనుట సాహసము కాదు. అయితే అదే సిద్ధాంతము రెండవ ప్రశ్నను గూడ తెచ్చిపెట్టుచున్నది. కొండదిగివచ్చిన శబరుడును నిజమైన జీవుడే గదా. వాడును ఆ ఒక్క స్వతంత్రుని యధీనుడే గదా. వాడెందుకు దిగివచ్చెనో, ఆకలిచేతనా, అడవిమీద ఎవరో చేయివేయుటచేతనా, శాసనము చెప్పదు. గెలిచినవారి శాసనము అట్టి సంగతులు చెప్పుట లోకమున అరుదు.

మఱియు నొక చిక్కు గలదు. పూరీ జగన్నాథుడు తొలుత శబరనాయకుడగు విశ్వావసుడు అడవిలో రహస్యముగా గొలిచిన నీలమాధవుడేయని ఆ క్షేత్రపురాణము చెప్పును. నేటికిని ఆ సన్నిధిని దైతాపతులను సేవకులు తాము ఆ వంశమువారమనుచు ప్రత్యేకసేవలు చేయుచున్నారు. రాజ్యమునకు యజమానియని రాజులు చాటుకొన్న దేవుడే శబరుని దేవుడు. ఆ రాజ్యపు అధికారియే శబరునిపై కత్తి దూసెను. ఈ రెండింటికిని పొత్తు కుదుర్చుట మాకు చేతకాదు, శాసనకవియు ప్రయత్నింపలేదు.

ఆనందతీర్థులు జీవులు మూడు తెగలనిరి. ముక్తికి తగినవారు, నిత్యము సంసారమున దిరుగువారు, అంధకారమునకే పోవువారు. ఈ తెగలు స్వభావసిద్ధములు, మాఱవు. సర్వగుణపరిపూర్ణుడని దేవునికి లక్షణము చెప్పిన మతమునందు ఈ మూడవ తెగ యెట్లిమిడెనో మా బుద్ధికి అందలేదు. దోషము లేని కర్త యధీనమున నుండి, ఎన్నటికిని బాగుపడజాలని జీవుడొకడున్నాడనగా లక్షణమునకే దెబ్బ తగులును. స్వభావము అనాది గనుక దేవునిమీద తప్పు లేదని మాధ్వపండితులు సమాధానము చెప్పుదురు. ఆ సమాధానమును మేమెఱుగనివారము కాము, తృప్తిపడితిమని మాత్రము చెప్పజాలము. శబరుడు ఏ తెగవాడని నరహరితీర్థులు తలచిరో గ్రంథములలో లేదు. దాదాపు ఆఱున్నర శతాబ్దములకు పిమ్మట, ఆ సీమవాడే యగు గిడుగు వేంకటరామమూర్తిగారు పర్లాకిమిడినుండి ఆ సవరల చెంతకు పలకయు బలపమును పట్టుకొనిపోయి, వారి భాష నేర్చి, 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. నేడు శ్రీకాకుళము, పార్వతీపురము మన్యము జిల్లాల సవరలు ఇంటిగోడలపై బొమ్మలు వ్రాసి దేవతలను పితరులను పిలుచుకొనుచున్నారు. దేవుని లక్షణమేమని వారినెవ్వరైన అడిగినచో ఆ గోడ చూపుదురు కాబోలు.

కళింగమున పని ముగియగనే నరహరితీర్థులు పడమటికి మరలిరి. ఆయన రచనలలో ముఖ్యమైనది గురువుల గీతాభాష్యమునకు వ్యాఖ్యయగు భావప్రకాశిక. యుద్ధరంగమున పుట్టిన గ్రంథమునకు, కత్తిపట్టిన సన్న్యాసి వ్యాఖ్య వ్రాయుట సహజముగా నున్నది. కన్నడమున రఘుకులతిలకయను ముద్రతో ఆయనవని చెప్పబడు కీర్తనలు కొన్ని గలవు. వానినిబట్టి కన్నడహరిదాసులలో మొదటివారిలో ఒకరుగా ఆయనను లెక్కింతురు. శ్రీకాకుళమువాడు కన్నడమున పాడెను. తెలుగున ఒక్క పాటయైన నిలువలేదు. మాకిది కొఱతగానే తోచును.

1317లో ఆనందతీర్థులు అంతర్హితులైరని సంప్రదాయము. పద్మనాభతీర్థులు పీఠమెక్కి 1324 వఱకు నుండిరి. ఆ పిమ్మట నరహరితీర్థులు. 1264 నాటి మొదటి శాసనము మొదలు 1333లో ఆయన తనువు చాలించువఱకు అఱువదితొమ్మిదేండ్లు. పీఠమెక్కునప్పటికి ఆయన మిక్కిలి వృద్ధుడై యుండవలెను. పదవీకాలము తొమ్మిదేండ్లు మాత్రమే, అందు చెప్పదగిన ఘటనలు లేవు. విజయనగరసామ్రాజ్యము పుట్టుటకు మూడేండ్లు ముందుగా, తుంగభద్రాతీరమున హంపి చక్రతీర్థముచెంత ఆయన బృందావనము వెలసినది. అక్కడికి ఏటేట కన్నడదేశపు యాత్రికులు పోవుచున్నారు.

శ్రీకూర్మమున స్తంభములు సున్నపు పొరలు వదలి అక్షరములు చూపుచున్నవి. పడమటిముఖముగా నున్న కూర్మనాథుని దర్శించుకొని, ప్రాంగణములో పెంచబడు నక్షత్రతాబేళ్లకు ఆకుకూర వేసి జనులు వెడలిపోవుదురు. ఆ స్తంభమేదియని మేమొకప్పుడచ్చట నొక వృద్ధార్చకుని అడుగగా, నేరుగా తీసికొనిపోయి, ఉత్తరీయముతో దుమ్ము తుడిచి, ఇచ్చటనుండి చదువుడని వ్రేలితో చూపెను.